ఆన్‌లైన్ అధ్యయన బృందంలో స్వచ్ఛంద బాధ్యత సంపాదించుకోవడం ఎలా?

కలిసి చదువుకోవడానికి అంతర్జాలంలో ఏర్పడిన ఏ బృందాన్ని చూసినా, పని చేసేవారు కొద్దిమందే కనిపిస్తారు, చదివి వెళ్లిపోయేవారు చాలామంది ఉంటారు. వెబ్ వాడుక తీరును పరిశీలించిన జేకబ్ నీల్సన్ 2006లో ఈ అసమానతను 90-9-1 అనే లెక్కగా చెప్పారు. నూటికి 90 మంది చూసి ఊరుకుంటారని, 9 మంది అప్పుడప్పుడు పాల్గొంటారని, మిగిలిన ఒక్కరే అధిక భాగం రాస్తారని దాని అర్థం. ఇది స్థూలమైన అంచనాయే గాని ప్రతి బృందానికీ అతికే కొలత కాదు. అయినా నిర్వాహకులకు సాయపడే చేతులు ఎప్పుడూ తక్కువగానే ఉంటాయన్న సంగతి దీనివల్ల తెలుస్తుంది. అంత అవసరం ఉన్నచోట కూడా ‘నన్ను మోడరేటర్‌గా చేర్చుకోండి’ అని అడిగినవారిలో చాలామందికి జవాబే రాదు.

ఇందుకు కారణం నిర్వాహకుల స్థానంలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. ముఖపరిచయం లేని వ్యక్తికి అధికారం ఇవ్వడమంటే, వందలమంది రాసిన సందేశాలను తొలగించే వీలును, ఇష్టం లేనివారిని బయటికి పంపే వీలును అతని చేతిలో పెట్టడమే. అందువల్ల వారు అభ్యర్థి ప్రతిభ కంటే ముందు, రేపు ఈ మనిషి ఎలా ప్రవర్తిస్తాడో ఊహించగలమా అని చూస్తారు. ఊహించడానికి వారికి ఉన్న ఏకైక ఆధారం ఇన్నాళ్లూ మీరు అక్కడ చేసిన పని. కాబట్టి బాధ్యత దాదాపు ఎప్పుడూ ఆ పనిని పేరు లేకుండానే కొంతకాలంగా చేస్తున్నవారికి దక్కుతుంది. కింది అడుగులన్నీ ఈ ఒక్క విషయాన్ని పట్టుకొని సాగుతాయి.

మొదటి అడుగు: ఏ పని కావాలో తేల్చుకోండి

‘నాయకత్వం’ అనే మాట పెద్దదిగా వినిపిస్తుంది గాని, అధ్యయన బృందంలో అది చిన్నచిన్న పనులుగా విడిపోయి ఉంటుంది. డౌట్లు తీర్చడం ఒక పని, కలిసి చదివే సమావేశాలు నడపడం మరొకటి. నోట్స్, పాత ప్రశ్నలు సేకరించి వెతకడానికి వీలుగా సర్దేవారు ఒకరుంటారు, కొత్తగా చేరినవారికి దారి చూపేవారు ఒకరుంటారు, బాట్లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు), అనుమతులు, సెట్టింగులు చూసుకునే సాంకేతిక సహాయకులు వేరే ఉంటారు. క్రమశిక్షణ చూసే మోడరేటర్ పని వీటిలో ఒకటి మాత్రమే, నిజానికి మొదటి బాధ్యతగా కోరుకోవడానికి అది అంత అనువైనది కూడా కాదు. సబ్జెక్టు మీద పట్టు ఉన్నవారు డౌట్ల వైపు, సమయపాలన ఉన్నవారు సమావేశాల వైపు, ఓపికగా సర్దే గుణం ఉన్నవారు నోట్స్ వైపు వెళ్లడం సహజం. రెండు మూడు పనులు ఒకేసారి తలకెత్తుకోకండి.

బృందాన్ని ఎంచుకునేటప్పుడు, మీరు ఎలాగూ చదువుతున్న విషయానికి సంబంధించినదాన్నే ఎంచుకోండి, లేకపోతే మీ చదువుకు, సేవకు మధ్య పోటీ మొదలవుతుంది. చేరిన మొదటి రోజే మూడు విషయాలు గమనించండి: లిఖిత నియమాలు ఉన్నాయా, గత వారంలో అడిగిన ప్రశ్నలకు జవాబులు వచ్చాయా, నిర్వాహకులు స్వయంగా కనిపిస్తున్నారా. మూడూ లేని చోట బాధ్యత సులభంగానే దొరకవచ్చు, కాని దాన్ని నిలబెట్టుకోవడానికి ఎవరి అండా ఉండదు.

రెండవ అడుగు: రాయడానికి ముందు చదవండి

చర్చావేదికలు నడిపే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో సభ్యుల నమ్మకానికి 0 నుంచి 4 వరకు అంచెలు ఉన్నాయి. సున్నా నుంచి మొదటి అంచెకు ఎక్కడానికి అది మామూలుగా కోరేది కనీసం 5 అంశాలు తెరవడం, 30 సందేశాలు చదవడం, చదువుతూ 10 నిమిషాలు గడపడం మాత్రమే, ఒక్క వాక్యం కూడా రాయనవసరం లేదు. మూడవ అంచె చేరాలంటే ఇతర షరతులతో పాటు గడచిన 100 రోజుల్లో కనీసం సగం రోజులు వచ్చి ఉండాలి, రాక తగ్గితే ఆ అంచె పోతుంది కూడా. ‘లీడర్’ అనే నాలుగవ అంచె మాత్రం లెక్కలను బట్టి రాదు, నిర్వాహకులే చూసి ఇస్తారు. మీ బృందం ఏ వేదిక మీద నడిచినా ఈ క్రమాన్ని గుర్తుంచుకోవడం మంచిది: మొదట చదవడం, తరువాత క్రమం తప్పకుండా రావడం, చివరగా మనుషుల నమ్మకం.

రెండు వారాలు ఇందుకు కేటాయించండి. నియమాలు, పిన్ చేసిన (అందరికీ కనిపించేలా పైన నిలిపి ఉంచిన) సందేశాలు, కనీసం ఒక నెల పాత సంభాషణలు చదువుతూ ఒక పుస్తకంలో నాలుగు రకాల సంగతులు రాసుకోండి. పదేపదే వచ్చే ప్రశ్నలు ఏవి? జవాబు లేకుండా మిగిలిపోయేవి ఏ అంశానికి చెందినవి? ఏ వేళల్లో ఎవరూ అందుబాటులో ఉండటం లేదు? గొడవ వచ్చినప్పుడు ఎవరు, ఏ మాటలతో సర్దిచెప్పారు? ముందుముందు మీరు బాధ్యత అడిగేటప్పుడు ఈ పుటలే మీ దరఖాస్తుకు ముడిసరుకు అవుతాయి.

మూడవ అడుగు: జవాబు చెప్పే పద్ధతి నేర్చుకోండి

మీ పేరు నిలిచేది ఇక్కడే కనుక దీని మీద మిగిలిన అన్నిటి కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. చాలామంది ఉత్సాహవంతులు ప్రశ్న కనిపించగానే పూర్తి సాధన రాసి పెడతారు. అడిగినవారు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతారు, మరుసటి రోజు అదే తరహా లెక్కతో తిరిగి వస్తారు. అధ్యయన బృందంలో మంచి జవాబు అడిగినవారిని ఒక మెట్టు ఎక్కించి, తరువాతి మెట్టు వారంతట వారే ఎక్కేలా వదిలిపెడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘(ఎ+బి) మొత్తం వర్గం అంటే ఎ వర్గం కూడిక బి వర్గమే కదా, మరి నా జవాబు ఎందుకు తప్పింది’ అని ఒకరు అడిగారనుకోండి. సూత్రం రాసి ఇవ్వడం పది సెకన్ల పని. దానికి బదులు ‘ఎ, బి రెండింటికీ 1 విలువ ఇచ్చి ఎడమవైపు, కుడివైపు వేరువేరుగా లెక్కించి చూడండి’ అని రాస్తే, ఒకవైపు 4, మరోవైపు 2 వచ్చిందని వారే తెలుసుకుంటారు. తప్పు ఉందని ఒప్పుకున్న మనసుకు తప్పిపోయిన 2ఎబి ఎక్కడినుంచి వస్తుందో చూపడం తేలిక. ఆ చిన్న పరీక్ష వారికి ఈ లెక్కలోనే కాక, అనుమానం వచ్చిన ప్రతి సూత్రం దగ్గరా పనికి వస్తుంది.

దీన్ని అలవాటుగా మార్చుకోవాలంటే ఒక వరుస పెట్టుకోండి. ముందు ‘మీరు ఎంతవరకు చేశారు’ అని అడగండి. వారు రాసినదాన్ని చదివి ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ దారి తప్పారో కనిపెట్టండి. ఒక సూచన ఇచ్చి ఆగండి. అప్పటికీ ముందుకు సాగకపోతే రెండవ సూచన ఇవ్వండి, లేదా అదే పద్ధతిలో వేరే లెక్కను పూర్తిగా చేసి చూపండి. ఆ విషయానికి పూర్తిగా కొత్తవారికి మాత్రం సూచనల మీద సూచనలు ఇచ్చి విసిగించకుండా, వివరించిన సాధననే మొదట చూపడం మేలు, ఏమీ తెలియనివారికి సూచన కూడా మరో ప్రశ్నలాగే కనిపిస్తుంది. ప్రస్తుతం జరుగుతున్న పరీక్షకో, మార్కులు వేసే అసైన్‌మెంటుకో చెందిన ప్రశ్న అని అనుమానం కలిగితే జవాబు ఇవ్వకండి, కారణాన్ని నిందారోపణ లేకుండా చెప్పి భావనను వివరించడంతో ఆగండి.

ఇతరులు వదిలేసిన ప్రశ్నల నుంచి మొదలుపెట్టండి. నలుగురు జవాబు చెప్పినచోట ఐదవ జవాబు ఎవరికీ అక్కరలేదు. మూడు రోజులుగా ఎవరూ పట్టించుకోని ప్రశ్నకు ‘నాకూ పూర్తిగా తెలియదు గాని, ఇంతవరకు ఆలోచించగలిగాను’ అని రాసిన జవాబు మాత్రం అడిగినవారికి, చూస్తున్న నిర్వాహకులకు గుర్తుండిపోతుంది. మీ జవాబు తప్పని తేలినప్పుడు దాన్ని చడీచప్పుడు లేకుండా తొలగించకండి. పై వరుసలో ‘ఇది తప్పు, సరైనది కింద ఉంది’ అని రాసి, తప్పు చూపినవారి పేరు చెప్పి సరిచేయండి. తప్పును దాచనివారికి అధికారం ఇవ్వడానికి నిర్వాహకులు తక్కువ భయపడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ప్రశ్నలు, జవాబుల కోసం నడిచే స్టాక్ ఎక్స్చేంజ్ అనే వెబ్ వేదికల్లో మీ జవాబును ఎవరైనా మెచ్చి ఓటు వేస్తే 10 పాయింట్లు వస్తాయి, వాటిలో ప్రోగ్రామింగ్‌కు చెందిన స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2,000 పాయింట్లకు ఇతరుల రాతను సమీక్ష లేకుండా సవరించే వీలు, 10,000 దగ్గర మోడరేషన్‌కు సంబంధించిన కొన్ని సాధనాలు అందుతాయి. అయినా అసలైన మోడరేటర్లను అక్కడ సభ్యులు ఎన్నికల ద్వారానే ఎన్నుకుంటారు. వికీపీడియాలోనూ దిద్దుబాట్ల సంఖ్య ఎంత పెరిగినా నిర్వాహక హోదా దానంతట అది రాదు, తోటి సభ్యులు చర్చించి తేల్చాలి. సబ్జెక్టు తెలియడం, మనుషుల మధ్య వ్యవహారం నడపడం వేరువేరు నేర్పులని ఈ వేదికలు అనుభవంతో తెలుసుకున్నాయి. పాయింట్లు చూపించి పదవి అడిగేవారు ఈ తేడాను గమనించరు.

నాలుగవ అడుగు: ఒక చిన్న పనిని గడువు పెట్టుకొని నడపండి

జవాబులు చెప్పడం అలవాటయ్యాక, వారానికి ఒకసారి జరిగే ఒక పనిని మీ చేతిలోకి తీసుకోండి. అనుమతులు అవసరం లేనిదై ఉండాలి. ఉదాహరణకు నిశ్శబ్దంగా కలిసి చదివే సమావేశం: 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం, మళ్లీ 25 నిమిషాల చదువు. 1980ల చివరలో ఫ్రాన్సెస్కో సిరిల్లో తన చదువు కోసం రూపొందించుకున్న పొమొడోరో పద్ధతి ఇదే, దాన్ని వివరించడానికి రెండు వాక్యాలు చాలు కాబట్టి కొత్తవారు కూడా వెంటనే కలుస్తారు. ఇది నచ్చకపోతే ప్రతి ఆదివారం ఆ వారపు డౌట్లలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టిన ఐదింటిని సమాధానాలతో ఒకచోట చేర్చవచ్చు.

మొదలుపెట్టేటప్పుడే ‘ఆరు వారాలు నడుపుతాను’ అని ప్రకటించండి. ఎప్పటికీ చేస్తానని చెప్పి మూడవ వారం మాయమైతే అది ఆరంభ శూరత్వంగా మిగిలిపోతుంది. ఆరు వారాలని చెప్పి ఆరు వారాలూ నడిపితే మీరు ఇచ్చిన మాట నెరవేరినట్లే, ఆపైన కొనసాగించడం మీ ఇష్టం. ఈ చిన్న ఉపాయాన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదటిసారి గడువు లేకుండా మొదలుపెట్టిన నా క్విజ్ నాలుగు వారాలకే ఆగిపోయింది, తరువాత చాలాకాలం అక్కడ ఏదైనా చేస్తానని చెప్పడానికి నాకే మొహమాటంగా ఉండేది.

నిర్వహణలో చిన్న జాగ్రత్తలే పెద్ద తేడా తెస్తాయి. సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉంటే సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) కూడా రాయండి, కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకు, వెనక్కు జరుపుతారు కనుక ఆ వారాల్లో మళ్లీ గుర్తు చేయండి. ముందు రోజు ఒకసారి, పావుగంట ముందు ఒకసారి తెలియజేయండి. ఒక్కరే వచ్చినా సమయానికే ప్రారంభించండి, ఎందుకంటే ఆలస్యంగా మొదలయ్యే సమావేశానికి అందరూ ఆలస్యంగా రావడం నేర్చుకుంటారు. ముగిశాక ఎంతమంది వచ్చారో, ఏమి జరిగిందో రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టండి. మీరు రాలేని వారానికి ముందే మరొకరిని ఒప్పించి ఉంచండి. మీరు లేని రోజున కూడా సమావేశం జరగడం నిర్వాహకుల దృష్టిలో మీకు పెద్ద యోగ్యత.

ఐదవ అడుగు: గొడవల్లో నిగ్రహం చూపండి

ఎవరైనా స్పామ్ పెట్టినప్పుడు, దురుసుగా మాట్లాడినప్పుడు, అధికారం లేని మీరు మోడరేటర్‌లా హెచ్చరికలు జారీ చేయకండి. వేదికలో ఫిర్యాదు చేసే సదుపాయం ఉంటే దాన్ని వాడండి, లేకపోతే సందేశం లింకు, అవసరమైతే స్క్రీన్‌షాట్ జతచేసి నిర్వాహకులకు ఏమి జరిగిందో మాత్రమే తెలియజేయండి, ‘ఇతన్ని తీసేయండి’ అనే తీర్పు మీది కాదు. మాటలు పడినవారు ఒంటరిగా ఉన్నట్లు కనిపిస్తే వారి అసలు ప్రశ్నకు జవాబు చెప్పి చర్చను చదువు వైపు మళ్లించండి.

అధ్యయన బృందాల్లో మైనర్లు ఉంటారన్నది మరచిపోకూడదు. చాలా వేదికలు 13 ఏళ్లు నిండినవారిని చేర్చుకుంటాయి. అందువల్ల సాయం చేసే మాటలన్నీ అందరికీ కనిపించే చోటనే జరపండి, ఎవరైనా వ్యక్తిగత సందేశంలో డౌట్ పంపితే మర్యాదగా బృందంలోకి పిలవండి. ఫోన్ నంబరు, చిరునామా, ఫొటో వంటివి ఎవరినీ అడగకండి. ఈ అలవాటు చిన్నవారిని కాపాడుతుంది, రేపు మీ మీద వచ్చే అపార్థాల నుంచి మిమ్మల్నీ కాపాడుతుంది.

ఆరవ అడుగు: అడగండి, అయితే పదవిని కాదు, పనిని

రెండు మూడు నెలలు గడిచాక అడగడానికి సంకోచించనవసరం లేదు. నిర్వాహకులు ఎంత గమనించేవారైనా వారికీ వారి చదువులు, ఉద్యోగాలు ఉంటాయి, మీరు నోరు విప్పకపోతే మీకు ఆసక్తి లేదనుకోవచ్చు. పరీక్షల రోజుల్లో, గొడవ రగులుతున్నప్పుడు కాకుండా తీరిక ఉన్న సమయం చూసి ఒక సందేశం పంపండి. అందులో మీరు ఇప్పటికే చేసిన పనికి రెండు మూడు లింకులు, మీరు గమనించిన ఒక లోటు, దానికి మీరు చేయగలిగినది, వారానికి ఇవ్వగల గంటలు, ప్రయోగంగా నడిపే కాలం ఉండాలి. ఇలా రాయవచ్చు:

‘నమస్కారం. నేను ఆరు వారాలుగా శనివారపు చదువు సమావేశాన్ని నడుపుతున్నాను, వాటి వివరాలు ఈ లింకుల్లో ఉన్నాయి. రాత్రి పది తరువాత వచ్చే గణితం ప్రశ్నలకు మరుసటి రోజు సాయంత్రం వరకు జవాబు రావడం లేదని గమనించాను. ఆ వేళల్లో వారానికి నాలుగు గంటలు నేను చూసుకోగలను. మీకు అభ్యంతరం లేకపోతే ఒక నెల ప్రయత్నిస్తాను. ఇందుకు సందేశాలను పిన్ చేసే అనుమతి ఒక్కటి చాలు, సభ్యులను తొలగించే అనుమతి నాకు అవసరం లేదు. నెల తరువాత ఎలా సాగిందో మీకు రాసి పంపుతాను.’

ఈ సందేశంలో చివరి భాగం బలమైనది. ఒక పనికి ఎంత అనుమతి అవసరమో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని కంప్యూటర్ భద్రతలో సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే స్పష్టంగా ప్రతిపాదించారు, నేటి వేదికలు దానికి వీలు కల్పిస్తున్నాయి. టెలిగ్రామ్‌లో అడ్మిన్‌కు సందేశాలు తొలగించడం, సభ్యులను నిషేధించడం, పిన్ చేయడం, కొత్త అడ్మిన్లను చేర్చడం వంటి హక్కులను విడివిడిగా ఇవ్వవచ్చు. డిస్కార్డ్‌లో ఒక్కో రోల్‌కు (సభ్యులకు ఇచ్చే హోదాకు) ఒక్కో రకం అనుమతులు పెట్టవచ్చు, అయితే ‘అడ్మినిస్ట్రేటర్’ అనే అనుమతి ఇస్తే దాదాపు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. తక్కువ అడిగినవారికి సరేననడం నిర్వాహకులకు సులభం, పొరపాటు జరిగినా నష్టం చిన్నదే.

కొన్ని బృందాల్లో దరఖాస్తు పత్రం నింపాలి. ‘మీ బలాలు ఏవి’ అన్న ప్రశ్నకు విశేషణాలు రాయకుండా ఒక సంఘటన రాయండి. ‘మీ స్నేహితుడే నియమం ఉల్లంఘిస్తే ఏమి చేస్తారు’ అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ఆ నిర్ణయం నుంచి తప్పుకొని మరో మోడరేటర్‌కు అప్పగిస్తానని చెప్పడమే నిజాయితీ గల జవాబు.

కాదంటే?

కాదన్నారంటే ఒకే ఒక ప్రశ్న అడగండి: ‘నేను ఏ విషయంలో మెరుగుపడాలి?’ వాదించకండి, మీ స్థానంలో ఎంపికైనవారితో పోల్చుకోకండి, చేస్తున్న పనిని ఆ వారమే ఆపేయకండి. తిరస్కరణ తరువాత నెల రోజులు మీ ప్రవర్తన ఎలా ఉందన్నది రెండవసారి అడిగినప్పుడు తప్పకుండా లెక్కలోకి వస్తుంది. కారణం చెప్పకుండా మళ్లీ మళ్లీ దాటవేస్తే, లేదా కొత్త బాధ్యతలన్నీ నిర్వాహకుల స్నేహితులకే వెళుతుంటే, మరో బృందం చూసుకోవడంలో తప్పు లేదు.

ఏడవ అడుగు: బాధ్యత వచ్చిన తరువాత

మొదటి రోజు చేయవలసిన పని మీ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో ఆధారం కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోవడం. అనుమతులు ఉన్న ఖాతా ఇతరుల చేతికి చిక్కితే బృందం మొత్తానికి ముప్పు. డిస్కార్డ్‌లో సర్వర్ (అక్కడ బృందాన్ని పిలిచే పేరు) యజమాని ఆ నిబంధన పెడితే, ధ్రువీకరణ లేని మోడరేటర్లు తమ అధికారాలను వాడలేరు కూడా. తరువాత ఒక చిన్న చిట్టా ప్రారంభించండి: ఏ తేదీన ఏ సందేశం తొలగించారు, ఏ నియమం ప్రకారం, సభ్యుడికి ఏమని తెలియజేశారు. మీకు సంబంధం ఉన్న వివాదంలో అధికారం వాడకండి.

ఇస్తానన్న నాలుగు గంటలను పది గంటలు కానివ్వకండి. స్వచ్ఛంద బాధ్యతలు వదిలి వెళ్లేవారిలో చాలామంది పని ఇష్టం లేక వెళ్లరు, కాదనలేక మోసిన భారానికి అలసి వెళతారు. మీ సొంత పరీక్షలకు మూడు వారాల ముందే సెలవు చెప్పి, ఆ కాలానికి అనుమతులను కూడా తాత్కాలికంగా తీసేయమని అడగడం మంచి పద్ధతి.

వదిలి వెళ్లాలని నిర్ణయించుకున్నప్పుడు నెల ముందు తెలియజేయండి. మీరు చేసే పనిని కొత్తవారు చదివి చేయగలిగేలా ఒక పుటలో రాయండి, ఉమ్మడి స్ప్రెడ్‌షీట్లు, ఫైళ్ల యాజమాన్యాన్ని మార్చండి, రెండు వారాలు పక్కన ఉండి వారి చేత చేయించండి. ఈ అనుభవాన్ని బయోడేటాలో చేర్చదలిస్తే ‘స్వచ్ఛంద’ అనే మాట, ఎన్ని నెలలు చేశారు, ఏ పని, సగటున ఎంతమంది హాజరయ్యారు అన్నవి రాస్తే సరిపోతుంది, ఆ అంకెలు మీరు ప్రతి సమావేశం తరువాత రాసిపెట్టిన రెండు మూడు వాక్యాల్లోనే ఉంటాయి. మీ గురించి నాలుగు మాటలు రాసివ్వమని నిర్వాహకులను అడగాలనుకుంటే అనుమతులు తిరిగి ఇచ్చే రోజుకు ముందే అడగండి, ఆ తరువాత మీ పని వివరాలు వారికి అంత స్పష్టంగా గుర్తుండకపోవచ్చు.